మా మావగారిని తమ్ముణ్ణి చేసిన తుఫాను

బంగాళాఖాతంలో పుట్టే తుఫాన్లు నర్సీపట్నం దాకా వచ్చేసరికి చాలావరకు నీరసించిపోతాయి. నాలుగు కొబ్బరిచెట్లను ఊపి, రెండు ఫ్లెక్సీలు చింపి, కరెంటు తీసేసి, తమ దారిన తాము పోతాయి. ఇప్పుడు నేను చెప్పబోయేది మాత్రం సముద్రంలో పుట్టింది కాదు. నర్సీపట్నంలో మా అత్తవారింటి ముందుగదిలో, సోఫా మీద, నా ల్యాప్‌టాప్‌లో పుట్టింది. ఒక కుటుంబంలో వరసలన్నిటినీ వేళ్ళతో సహా పెకలించింది. దానికి వాతావరణ శాఖవాళ్ళు పేరు పెట్టలేదు. మా అత్తగారు పెట్టారు. ఆ పేరు నాదే.

అప్పటికి నాకు ముప్పై అయిదేళ్ళు. ఆ వయసులో మగవాడికి రెండు జబ్బులుంటాయి. తనకి అన్నీ తెలుసుననుకోవడం ఒకటి, ఆ సంగతి ఎదుటివాళ్ళకి ఎక్కడ తెలియకుండా పోతుందోనని కంగారుపడటం రెండోది. నాకు రెండూ ముదిరిపోయి ఉన్నాయి. విశాఖపట్నంలో ఓ చిన్న కంపెనీలో వెబ్‌సైట్లు తయారుచేసేవాణ్ణి. ఒక కాలేజీవాళ్ళు తమ పిల్లలకి పాఠం చెప్పుకోవడానికి పాత తుఫాన్లన్నీ మ్యాపు మీద చూపించే సైటు కావాలన్నారు. ఏ తుఫాను ఎక్కడ పుట్టింది, ఎటు తిరిగింది, ఎక్కడ తీరం దాటింది అన్న రికార్డులు ఇంటర్నెట్లో ఎవరైనా తీసుకోవచ్చు. వాటిని గీతలుగా గీయడమే నా పని.

"గీయడమే" అని తేలిగ్గా అనేశాను గానీ, మొదటిసారి గీసినప్పుడు అక్షాంశాల చోట రేఖాంశాలు, రేఖాంశాల చోట అక్షాంశాలు పడ్డాయి. మన తుఫాన్లన్నీ బయల్దేరి ఉత్తరధ్రువం పక్కన మంచుగడ్డల మీద తిరిగాయి. పాపం, కోస్తా జిల్లాల కష్టాలన్నీ ఒక పూటంతా తెల్ల ఎలుగుబంట్లు పడ్డాయి. సరిచేశాక మాత్రం, నేనే చెప్పుకోకూడదు గానీ, సైటు పెళ్ళిమంటపంలా తయారైంది. గాలి తక్కువున్నచోట నీలం గీత, ఎక్కువున్నచోట ఎర్ర గీత. బటన్ నొక్కితే ఒక చుక్క సముద్రంలోంచి చీమలా పాకుతూ వచ్చి గట్టెక్కుతుంది. పైన కుడివైపు ఒక పెట్టె. అందులో ఊరి పేరు, ఏడాది కొడితే, ఆ ఏడాది ఆ ఊరి దగ్గరగా పోయిన తుఫాన్లను వెతికి పెడుతుంది.

ఆ పెట్టె మీద నాకు ఎంత మురిపెమో చెప్పలేను. కొంప ముంచింది కూడా అదే.

దసరా సెలవులకి అత్తవారింటికి వెళ్తూ బట్టలు మరిచిపోయాను గానీ ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించే వైరు మరిచిపోలేదు. అక్కడ ఎవరెవరున్నారో ముందు చెప్పాలి. మా మావగారు సన్యాసినాయుడుగారు, రిటైరైన హెడ్మాస్టరు. సొంతూరు నాతవరం, కాపురం నర్సీపట్నం. ఆయన బాబాయి కొడుకు అప్పలనాయుడుగారు, మాకు చినమావగారు. అదే వీధిలో ఎరువుల కొట్టు. ఇద్దరూ ఒకే ఏడాది పుట్టారు. మావగారే కొన్ని నెలలు ముందు పుట్టారని ఇంట్లో పెద్దలెవరో ఎప్పుడో తేల్చేశారు.

ఆ కొన్ని నెలల పునాది మీద ఎంత మేడ కట్టారనుకున్నారు! మావగారు పడకకుర్చీలో కూర్చుంటే చినమావగారు స్టూలు మీద కూర్చోవాలి. మావగారు దగ్గితే చినమావగారు మాట ఆపెయ్యాలి. నాతవరంలో ఎవరికి తగువొచ్చినా మావగారే తీర్చాలి. ఇక చినత్తగారు రమణమ్మగారి సంగతి. బావగారు గేటు తీసిన చప్పుడైతే చాలు, లేచి వంటింటి తలుపు వెనక్కి వెళ్ళిపోవాలి. కాపురానికి వచ్చినప్పటినుంచి ఆవిడ మా మావగారి ముఖాన్ని సగమే చూసి ఉంటుంది, మిగతా సగానికి తలుపు అడ్డం. "బావగారు కాఫీ తాగుతారేటో" అని ఆవిడ గోడతో అంటే, "తాగుతానని చెప్పమ్మా" అని ఆయన కిటికీతో అనేవారు.

అలాంటి ఇంట్లో, అందరూ ఉండగా, టీవీలో నా సైటు పెట్టాను. నాలుగు తుఫాన్లు ఆడించాను. అందరూ "ఆహా" అన్నారు. అక్కడితో ఆపేసి ఉంటే ఈపాటికి నేను సుఖంగా బతుకుతూ ఉండేవాణ్ణి.

"అల్లుడుగారూ," అన్నారు మావగారు పడకకుర్చీలో ముందుకి వంగి, "ఇందులో మా తుఫాను ఉంటాదేటండీ?"

"మీ తుఫానేమిటి మావయ్యగారూ?"

విషయం ఇదీ. ఆయనకి అరవై నిండబోతున్నాయి. షష్టిపూర్తి చేసుకోవాలి. దానికి జన్మనక్షత్రం కావాలి, నక్షత్రానికి తారీఖు కావాలి. బడి రికార్డులో ఉన్న తారీఖు, చేర్చుకున్న రోజున ఆనాటి హెడ్మాస్టరు తన చేతికొచ్చింది వేసేసినది. అసలు తారీఖు ఎవరికీ తెలియదు. మా వైపు పాతతరంలో ఎవరిని పుట్టినరోజు అడిగినా తారీఖు చెప్పరు, తుఫాను చెబుతారు.

"మాయమ్మ చెప్పేది," అన్నారు మావగారు. "నేను పుట్టిననాడు వాన పెద్దగా లేదట. గాలంట. ఇంటి పెంకులు కాకుల్లాగ ఎగిరిపోనాయట."

"నాది వాన తుఫాను బాబూ," అన్నారు చినమావగారు స్టూలు మీంచి. "గాలి ఊసే లేదట. గెడ్డ పొంగిపోయి మంత్రసాని అవతల గట్టునే నిలబడిపోనాదట. నాను ఇవతల గట్టున పుట్టేసినాను."

"ఇంతేనా!" అన్నాను. ఆ 'ఇంతేనా' తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "మీ ఊరు ఏది?"

"నాతవరం," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

పెట్టెలో నాతవరం కొట్టాను. వాళ్ళు పుట్టిన ఏడాది కొట్టాను. రెండు తుఫాన్లు వచ్చాయి. వేసవి చివర ఒకటి, దీపావళి ముందు ఒకటి. బటన్ నొక్కాను. మొదటి చుక్క పాకుతూ వచ్చింది. నాతవరం చేరేసరికి లేత నీలమైపోయింది. అంటే గాలి లేదు, వట్టి వాన. రెండో చుక్క వచ్చింది. నాతవరం మీదుగా ఎర్రగా, మిరపకాయలా దూసుకుపోయింది. గాలంటే గాలి.

నేను లేచి నిలబడి, గొంతు సవరించుకుని, లాటరీ ఫలితం చదివేవాడిలా ప్రకటించాను. "వాన తుఫాను మొదటిది. గాలి తుఫాను రెండోది. చినమావయ్యగారు వేసవిలో పుట్టారు. మావయ్యగారు దీపావళికి పుట్టారు."

మా ఆవిడ పద్మ నాకేసి చూసి చిన్నగా దగ్గింది. భార్య అలా దగ్గితే నోరు మూసుకోవాలని మీకు తెలుసు. నాకు అప్పుడు తెలియదు.

"అంటే బాబూ," అన్నారు చినమావగారు నెమ్మదిగా, "నాను... ముందా?"

"అయిదు నెలలు ముందండీ," అన్నాను. "సైంటిఫిక్‌గా."

ఆ 'సైంటిఫిక్‌గా' అన్నమాట నన్నెవరూ అడగలేదు. ఊరికే ఇచ్చాను, కూరగాయలతో కరివేపాకు ఇచ్చినట్టు.

మా మావగారు నిజాయితీపరుడు. జీవితమంతా పిల్లలకి నిజమే చెప్పాలని చెప్పినవాడు. పడకకుర్చీలోంచి లేచారు. కండువా సర్దుకున్నారు. "కూకో" అనబోయి, నాలిక్కరుచుకుని, "కూర్చోండి... అన్నయ్యా," అన్నారు.

చినమావగారు కూర్చున్నారు. ఆ కుర్చీ ఆయన కింద ఎలా ఉందో చూసుకోవడానికి రెండుసార్లు లేచి మళ్ళీ కూర్చున్నారు. అప్పుడు వంటింటి తలుపు కిర్రుమంది. రమణమ్మగారు బయటికి వచ్చారు. నెమ్మదిగా నడిచి, సోఫా మధ్యలో, సరిగ్గా టీవీకి ఎదురుగా కూర్చుని, కాలు మీద కాలు వేసుకున్నారు.

"ఒలే పద్మా," అన్నారావిడ, "మీ నాన్నకి చెప్పే, ఒదినకి కాసిన్ని మంచినీళ్ళు బేగి అట్టుకురమ్మని."

మా అత్తగారి చేతిలోంచి గరిటె జారింది. తోడికోడలు ఇన్నేళ్ళూ తనని 'అక్కా' అని పిలిచింది. ఇప్పుడు తనే ఆవిడని అక్కా అనాలి. "ఏటి చేసేరు అల్లుడుగారూ!" అన్నారావిడ, ఇల్లు తగలబెట్టినవాణ్ణి చూసినట్టు చూస్తూ. ఆ సాయంత్రం నాకిచ్చిన కాఫీలో చక్కెర లేదు. రాత్రి పప్పులో ఉప్పు లేదు. మర్నాడు పొద్దున్న ఇడ్లీలో ఇడ్లీ తప్ప ఏమీ లేదు, చట్నీ చినమావగారింటికి వెళ్ళిందట. పెద్దవాళ్ళకి ముందు పంపాలి కదా.

విశాఖ తిరిగి వచ్చేశాం గానీ ఏం లాభం? పద్మ మొదలుపెట్టింది.

"మా నాన్న పెద్దరికం తీసేశారు."

"నేను తీయలేదు. డేటా తీసింది."

"ఆ డేటాని మీరే కదా ఇంట్లోకి తెచ్చారు! షష్టిపూర్తి పీటల మీద మా నాన్న ముందు కూర్చోవాల్సినవాడు. ఊరందరి ఎదట ఇప్పుడు చిన్నాన్న కూర్చున్నాక కూర్చోవాలి. ఆయనకెంత నామోషీ! ఫోన్లో గొంతు ఎలా ఉందో విన్నారా?"

"డేటా అబద్ధం చెప్పదు పద్మా."

"అయితే డేటాతోనే కాపురం చెయ్యండి," అని ఆవిడ టీవీ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. వారం రోజులు నేనూ డేటా కలిసి వండుకు తిన్నాం. ఏం చెప్పమంటారు, డేటాకి చారు పెట్టడం కూడా రాదు.

నా సైటు తప్పు చెప్పదని ఆవిడకి నిరూపించాలనిపించింది. ఒక ఆదివారం పిలిచి కూర్చోబెట్టాను. "మన పాప పుట్టిననాడు తుఫాను ఉంది కదా? రోడ్లు మునిగిపోయి నేను అనకాపల్లి దాటాక బస్సులోనే పడిగాపులు పడ్డాను కదా? ఇప్పుడు చూడు. టక్కున చూపిస్తుంది," అని ఊరు, ఏడాది కొట్టాను.

తుఫాన్లేవీ లేవు అంది సైటు.

మళ్ళీ కొట్టాను. లేవు అంది. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాను. లేవు. "ఇదేమిటి? మోకాలి లోతు నీళ్ళలో నడిచి వచ్చాను కదా!"

పద్మ కుర్చీ దగ్గరికి లాక్కుని తెర వైపు చూసింది. "ఏ ఊరు కొట్టారు?"

"మన సొంతూరే. టెక్కలి."

"మన పాప టెక్కలిలో పుట్టిందా?"

"మన ఊరు టెక్కలి కాబట్టి..."

"మోకాలి లోతు నీళ్ళలో మీరు నడిచి వచ్చింది ఎక్కడికి?"

"నర్సీపట్నం. మీ ఇంటికి. పురిటికి అక్కడే కదా..." అని ఆగిపోయాను.

"ఆపేశారేం? కానివ్వండి," అంది. "మొదటి పురుడు ఎక్కడ పోస్తారండీ మనలో?"

"పుట్టింట్లో," అన్నాను, బల్ల ఎక్కి పాఠం అప్పజెప్పే పిల్లాడిలా.

"మా నాన్నని కన్నప్పుడు మా నాన్నమ్మ ఎక్కడుంటుంది? నాతవరంలో మావగారి కాళ్ళు పిసుకుతుందా?"

అయ్యా, నేను బి.టెక్. చదివాను. ఉత్తరధ్రువాన్నుంచి తుఫాన్లను వెనక్కి లాక్కొచ్చాను. మన వైపు ఏ ఆడపిల్లకైనా తెలిసిన సంగతి, తొలిచూలు బిడ్డ తల్లి పుట్టింట్లో పుడుతుందన్నది, నా పెట్టెకి చెప్పడం మరిచాను. అది ఊరు అడిగితే అందరూ తండ్రి ఊరు చెబుతారు. బిడ్డ పుట్టింది మాత్రం అమ్మమ్మగారి ఊళ్ళో.

మావగారికి ఫోన్ చేశాను. "మావయ్యగారూ, మీరు పుట్టిందెక్కడండీ?"

"భీమిలి. మా అమ్మమ్మగారింట్లో. అదేటండీ అలా అడుగుతారు?"

"మరి నాతవరం అన్నారేమిటండీ ఆ రోజు?"

"మీరు మా ఊరు ఏదని అడిగేరు. చెప్పేను. ఎక్కడ పుట్టేరు అని అడిగితే అది చెబుదును కదా."

చినమావగారు పుట్టింది చోడవరంలో, వాళ్ళ అమ్మమ్మగారింట్లో. పెట్టెలో రెండు ఊళ్ళూ కొట్టాను. వేసవి చివరి తుఫాను భీమిలి దగ్గర తీరం దాటింది, ఎర్రగా, పెంకులెగిరిపోయేంత గాలితో. నాతవరం చేరేసరికే అది నీరుగారిపోయి నీలమైంది. దీపావళి ముందు వచ్చింది తుని వైపు దాటి నాతవరాన్ని వాయించింది. చోడవరానికి వట్టి వాన పంపింది. అంటే గాలి తుఫాను బిడ్డడే ముందు. మా మావగారే అన్నయ్య. పాత పెద్దలు ఏ కంప్యూటరూ లేకుండా చెప్పిందే ఖాయం.

వెంటనే నర్సీపట్నం బయల్దేరాను. దారంతా కలలే. మావగారు కంటనీరు పెట్టుకుంటారు. అత్తగారు కాఫీలో రెండు చెంచాల చక్కెర వేస్తారు. పెద్దరికం తిరిగి ఇచ్చినవాడిగా నా పేరు నిలిచిపోతుంది.

గేటు తీశాను. అరుగు మీద మడతమంచం. మంచం మీద మావగారు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండే మనిషి, బనీనుతో, కాలు మీద కాలేసుకుని, వేరుశనక్కాయలు తింటున్నారు. పక్కన స్టూలు మీద రమణమ్మగారు తొక్కలు ఏరుతున్నారు.

"ఒదినా," అంటున్నారు మావగారు, "నిన్నటి పులుసులో ఉప్పు మరిచిపోనావేటి, మా అన్నయ్య మీద కోపమా?"

"మీ అన్నయ్య మీద కోపమైతే కారం ఎక్కువేస్తాను మరిదీ, ఉప్పెందుకు తగ్గిస్తాను?" అందావిడ. ఇద్దరూ పకపకా నవ్వారు. వదినా మరుదులంటే వేళాకోళం చెల్లుతుంది కదా. ఇన్నేళ్ళూ తలుపుకి అటూ ఇటూ కూరుకుపోయిన నవ్వంతా ఇప్పుడు వీధిలోకి వస్తోంది.

లోపల పడకకుర్చీలో చినమావగారు. సగమైపోయారు. కళ్ళకింద నల్లగా ఉంది. ఎదురుగా ఇద్దరు నాతవరం వాళ్ళు పొలం గట్టు తగువుతో కూర్చున్నారు. ఇంకెవరో శుభలేఖ పట్టుకుని నిలబడ్డారు.

"బాబూ," అన్నారాయన నన్ను చూసి, మునిగిపోయేవాడు పడవని చూసినట్టు. "కొట్టు తెరిసి ఎన్నాళ్ళయినాదో! పెళ్ళికెళ్తే నాను ముద్ద ఎత్తినదాకా ఎవులూ తినరు, అందరూ నా నోట్లోకే సూస్తారు. సావుకెళ్తే నాను లేసినదాకా ఎవులూ లెగరు. నా నడుం పోనాది బాబూ. ఇంకోపాలి సూడవా?"

"చూశానండీ!" అన్నాను. "మావయ్యగారే అన్నయ్య. మీరే తమ్ముడు!"

చినమావగారు లేచి నన్ను వాటేసుకున్నారు. నన్ను వదిలి ల్యాప్‌టాప్‌ని వాటేసుకున్నారు. అటు తిరిగి చూద్దును కదా, గుమ్మంలో మా మావగారు. చేతిలో వేరుశనక్కాయ అలాగే ఉంది.

"అల్లుడుగారూ," అన్నారు, "మిమ్మల్ని మళ్ళీ ఎవరు చూడమన్నారండీ?"

"అదేమిటి మావయ్యగారూ! మీ పెద్దరికం మీకు తిరిగి..."

"అరవై ఏళ్ళు మోసేనండీ. ఇప్పుడే కదా దించుకున్నాను. పొద్దెక్కినదాకా పడుకుంటన్నాను. నవ్వుతున్నాను. నన్ను తగువు తీర్చమని ఎవడూ రావట్లేదు. సైంటిఫిక్‌గా అన్నారు కదా ఆరోజు? మాట మీద నిలబడని సైన్సు ఏం సైన్సండీ?"

"నాను మాత్రం మళ్ళీ తలుపెనక్కి ఎల్లను," అని రమణమ్మగారు తొక్కలు దులుపుకుని మడతమంచం ఎక్కి కూర్చున్నారు. "ఎవులికి సరదాగుంటే ఆళ్ళే ఎల్లండి."

సాయం కోసం అత్తగారి వైపు చూశాను. "నాకూ పొద్దున్నే లెగిసి వచ్చినోళ్ళందరికీ వండే పని తప్పినాది, ఇప్పుడది అక్క చూసుకుంటన్నాది," అన్నారావిడ. "ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనివ్వరేటి మీరు?"

అదండీ సంగతి. తీసేసినందుకు ఒకసారి, తిరిగి ఇచ్చినందుకు ఒకసారి, మొత్తం మీద నన్నే తిట్టారు.

చివరికి రెండు షష్టిపూర్తులూ ఒకే పందిట్లో, ఒకేరోజు పెట్టారు. పంతులుగారు పీటలు వేయించి, "పెద్దవారు ముందు వచ్చి కూర్చోండి," అన్నారు. ఎవరూ కదల్లేదు.

"ఆయనే," అన్నారు మావగారు, తమ్ముణ్ణి చూపిస్తూ.

"కాదు, ఆయనే," అన్నారు చినమావగారు, అన్నని చూపిస్తూ.

"ముహూర్తం దాటిపోతోందయ్యా! ఎవరో ఒకరు పెద్ద కావాలి కదా! అసలిది ఎవరు తేల్చారు?" అని పంతులుగారు విసుక్కున్నారు.

ఇద్దరూ చూపుడువేళ్ళు ఒకరి మీంచి ఒకరు తీసి నా మీదకి తిప్పారు.

పంతులుగారు నన్ను ఎగాదిగా చూసి, "అయితే వీళ్ళ సంగతి తేలేదాకా ఈ ఇంటికి పెద్ద మీరే. రండి, తాంబూలం అందుకోండి," అన్నారు. పందిరంతా హమ్మయ్య అనుకుంది. ఇద్దరు పెళ్ళికొడుకులూ, నా తండ్రి వయసువాళ్ళు, నా ముందు చేతులు కట్టుకు నిలబడ్డారు. నాకు ముప్పై అయిదేళ్ళు!

వాళ్ళ సంగతి ఇప్పటికీ తేలలేదు. తేల్చుకోవాలని వాళ్ళకీ లేదు. నేనిప్పుడు నర్సీపట్నంలోనే ఉంటున్నాను, ఉండక తప్పలేదు. నాతవరం గట్టు తగువులన్నీ షేరాటో ఎక్కి మా గుమ్మంలోకే దిగుతాయి. మొన్న ఒకావిడ కవలపిల్లల్ని తెచ్చి, "బాబూ, ఈళ్ళలో పెద్దోడెవులో మీ మిషన్లో సూసి సెప్పండి," అంది. చెరో బిస్కట్టూ ఇచ్చి పంపేశాను.

కనుక పాఠక మహాశయులారా, మీ సాక్షిగా, తూర్పుముఖంగా నిలబడి, కుడిచేయి ల్యాప్‌టాప్ మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట బంగాళాఖాతంలో ఏ గాలి ఎటు వీచినా నేను గీత గీయను. గీసినా దాని మీద పెట్టె పెట్టను. పెట్టినా దాన్ని చుట్టాలకి చూపించను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని చూపించినా, అది చెప్పిన జవాబు తప్పని తేలినప్పుడు, దేవుడి మీద ఒట్టు, సరిదిద్దను.